కామెర్లు ఉండగా విప్పుల్ ఆపరేషన్: ముందు స్టెంట్ వేయించాలా?

అనంతపురం నుంచి అడుగుతున్నా. మా మామకు 58 ఏళ్లు. క్లోమం తల దగ్గర 2.5 సెం.మీ. గడ్డ, బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల స్థాయి) 11. జ్వరం లేదు, దురద బాగా ఉంది. ఇక్కడి గ్యాస్ట్రో డాక్టరు ముందు ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోపుతో పిత్తనాళం దాకా వెళ్లడం) చేసి స్టెంట్ (పిత్తం దిగడానికి చిన్న గొట్టం) పెడదామంటారు. బెంగళూరు సర్జన్ వారంలో విప్పుల్ ఆపరేషన్ (గడ్డతో పాటు క్లోమం తల తీసేయడం) చేస్తా, స్టెంట్ వద్దంటారు. ఎవరి మాట వినాలన్నా?

జవాబు 1 (కర్నూలు):
వారంలో నిజంగా చేసేటట్టయితే సర్జన్ మాటే సబబు. 2010లో నెదర్లాండ్స్ వాళ్లు బిలిరుబిన్ 2.3 నుంచి 14.6 దాకా ఉన్నవాళ్ల మీద ఇదే చూశారు. నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో 39 శాతం మందికి తీవ్ర ఇబ్బందులొస్తే, ముందు స్టెంట్ వేసినవాళ్లలో 74 శాతానికి వచ్చాయి. స్టెంట్ పెడితే పేగులోని బాక్టీరియా పిత్తనాళంలోకి ఎక్కుతుంది. గొట్టం పూడితే చలిజ్వరం. ఈఆర్‌సీపీతోనే క్లోమం వాచిందంటే ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది. అయితే అప్పుడు వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లు, అదీ గుర్తుంచుకోండి.

జవాబు 2 (కడప):
పై మాట నిజమే గానీ చలిజ్వరం వచ్చినా, బిలిరుబిన్ 15 దాటినా, ముందు కీమో అన్నా, డేట్ రెండు వారాలు దాటినా స్టెంట్ కావాల్సిందే. అప్పుడు మెటల్‌దే అడగండి. దాని వెడల్పు 10 మి.మీ.; ప్లాస్టిక్ 10 ఫ్రెంచ్ అంటే 3.3 మి.మీ. మాత్రమే, తొందరగా పూడుతుంది. పొడవు 4 లేదా 6 సెం.మీ. చాలు, సర్జన్ నాళం కోసే చోటికి అడ్డు రాకూడదు. బయాప్సీ తేలకముందు కవర్ లేని (పైపొర లేని వట్టి జాలీ) మెటల్ స్టెంట్ వద్దు, తర్వాత తీయలేరు. ప్యాంక్రియాస్ ప్రోటోకాల్ సీటీ (క్లోమం, దాని చుట్టూ రక్తనాళాలు చూసే స్కాన్) స్టెంట్‌కు ముందే అయిపోవాలి. తర్వాత తీస్తే స్టెంట్ నీడ, వాపు కలిసి రక్తనాళాలు సరిగా కనబడవు.

అడిగినవారు:
బిలిరుబిన్ 11 అన్నది ఐదు రోజుల కిందటిది. ఈరోజు 13.2. బెడ్ ఇంకా ఖాయం కాలేదు.

జవాబు 1:
అదే ముందు చెప్పాల్సింది! నాళం మూసుకున్నాక బిలిరుబిన్ పెరగడం ఆగదు. "వారంలో" అన్న మాట కాదు, అడ్మిషన్ తేదీ అడగండి. ఆరోగ్య పథకం కింద అయితే అప్రూవల్‌కు పట్టే రోజులూ కలుపుకోండి. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఇప్పుడే చేయించండి. పిత్తం పేగులోకి దిగకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం సరిగా గడ్డకట్టదు. ఐఎన్ఆర్ ఎక్కువుంటే డాక్టరే ఇంజెక్షన్ రాస్తారు. సీఏ 19-9 (క్యాన్సర్ సూచిక రక్తపరీక్ష) ఎక్కువొచ్చినా కంగారొద్దు, కామెర్ల వల్ల కూడా పెరుగుతుంది. ఆకు పసరు మాత్రం ఎవరు చెప్పినా పోయించొద్దు.

జవాబు 2:
రెండు రోజులకోసారి బిలిరుబిన్ చూపించి రిపోర్టు సర్జన్‌కే పంపండి. తేదీ దొరక్కుండా 15 దాటితే స్టెంట్ ఎక్కడ, ఎవరు వేయాలో ఆయన్నే చెప్పమనండి. చలితో వణుకు వస్తే తేదీ కోసం ఆగొద్దు, ఆ రాత్రికే ఆసుపత్రిలో చేర్చండి.