అప్‌డేట్: గేమ్ స్టూడియో ఆఫర్ గురించి విజయనగరం నుంచి అడిగింది నేనే

అప్పటి ప్రశ్న: తమ్ముడికి హైదరాబాద్ గేమ్ స్టూడియోలో ఆఫర్ వచ్చింది. వాడికి పిచ్చి ఇష్టం, జీతం తక్కువ, వారానికి ఆరు రోజుల పని. చేరాలా, వద్దా?

ఇంకా చేరలేదు. మీరన్నట్టు ఆఫర్ లెటర్ మళ్లీ చదివితే జీతం కన్నా రెండు క్లాజులే ఎక్కువ ఇబ్బందిగా ఉన్నాయి. ఇంట్లో సొంతంగా చేసుకున్న గేమ్ మీదా హక్కు కంపెనీదేనట. ‘ఆఫీసు సమయంలో, ఆఫీసు సిస్టం మీద చేసినవి’ అని మార్చమంటే ఒప్పుకున్నారు. రెండోది, ‘అవసరాన్ని బట్టి అదనపు గంటలు’. వాటికి డబ్బు ఇస్తారా, బదులుగా సెలవు ఇస్తారా అని మెయిల్ పెడితే జవాబు లేదు. అదే జవాబనుకోవాలి.

ఈ అదనపు గంటలనే, అంటే రిలీజ్ ముందు రాత్రింబవళ్లు చేసే పనినే, గేమ్ స్టూడియోల్లో క్రంచ్ అంటారు. అది పని మీద ఇష్టం వల్ల రాదు, ప్లానింగ్ సరిగా లేకపోవడం వల్ల వస్తుంది. రిలీజ్ తేదీ కదలదు, ఫీచర్లు మాత్రం పెరుగుతూ పోతాయి. ఉదాహరణకి, తెర మీది బొమ్మ (ఫ్రేము) సెకనుకి 60 సార్లు మారాలంటే, ఒక్కోటీ గీయడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లే. ఆఖరి నెలలో కలిపిన నీడలు అందులో 4 తినేస్తే, ఆ 4 ఇంకెక్కడో కోయాలి. రాత్రుళ్లు పోయేది అక్కడే.

ఈలోగా వాడు గొడో అనే గేమ్ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్ చేస్తున్నాడు. ఇంజిన్ ఉచితం. ప్లే స్టోర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే, గేమ్ అందరికీ విడుదల చేసే ముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలి. సరిగ్గా పన్నెండు మందినే పెట్టుకోకండి, ఒకరు తప్పుకున్నా లెక్క తప్పుతుంది. పదహారు మందిని చూసుకోండి. సిరిమాను పండగ రోజుల్లో అయితే అసలొద్దు, మా ఊళ్లో ఎవరూ ఫోన్ తీసి గేమ్ ఆడరు.