యాంటీబయాటిక్ వాడాక దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట: ఇంటి చిట్కాల్లో ఏవి పనికొస్తాయి?

మందారమొగ్గ:
అక్కలూ, పంటినొప్పికి ఇచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడాక కింద విపరీతమైన దురద మొదలైంది. ఈరోజుకి నాలుగో రోజు. తెల్లబట్ట చిక్కగా, విరిగిన పాల ముక్కల్లా పడుతోంది. వాసన లేదు. మూత్రానికి వెళ్తే బయట చర్మం చురుక్కుమంటోంది. వయసు 32, గర్భం లేదు, ఇలా రావడం ఇదే మొదటిసారి. ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగమంటున్నారు. వేపాకు నీళ్లతో కడగమని ఒకరు, పెరుగులో ముంచిన దూది లోపల పెట్టుకోమని ఒకరు, వెల్లుల్లి రెబ్బ అని ఇంకొకరు. ఇది ఈస్ట్ ఇన్‌ఫెక్షనేనా? వీటిలో ఏది చేయొచ్చు?

తులసికోట:
మీరు రాసినవన్నీ కాండిడా అనే ఫంగస్ వైపే చూపిస్తున్నాయి, ఈస్ట్ అనేది దీన్నే. ఈ ఫంగస్ చాలామంది ఆడవాళ్లలో ఏ బాధా లేకుండా కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటుంది. యోనిలోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తూ దాన్ని అదుపులో ఉంచుతుంది. పంటికోసం మింగిన మందు ఆ మంచి బ్యాక్టీరియాని కూడా చంపింది, ఫంగస్‌కి అడ్డు లేకుండా పోయింది. ఒంట్లో వేడికీ దీనికీ సంబంధం లేదమ్మా. సబ్జా నీళ్లు తాగితే తప్పు లేదు, ఈ దురద మాత్రం వాటితో పోదు.

అయినా చూపులతో ఖాయం చేసుకోకండి. 2002లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తమకి ఈస్టేనని నమ్మి సొంతంగా మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షిస్తే, దాదాపు మూడోవంతు మందికే అది ఒక్కటీ ఉందని తేలింది. పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో, ముఖ్యంగా కలయిక తర్వాత వాసన ఎక్కువైతే అది బ్యాక్టీరియల్ వజైనోసిస్. పసుపు పచ్చగా నురుగులా పడితే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి, దానికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. ఈ రెండింటికీ ఫంగస్ మందు పనిచేయదు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే తెల్లబట్ట అసలు జబ్బే కాదు, దానికి భయపడి మందులు వాడేవాళ్లు ఎంతమందో.

మొదటిసారి కాబట్టి ఒక్కసారి గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి. కాస్త స్రావం తీసి, పులుపు (ఆమ్లత) ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితం మీద చూస్తారు. ఈస్ట్‌లో సాధారణంగా 4.5 దాటదు, మిగతా రెండింటిలో దాటుతుంది. స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో పెడితే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. కడుపు కింద నొప్పి, జ్వరం, పుండ్లు, రక్తం, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఒక్క రోజు కూడా ఆగొద్దు.

చింతపువ్వు:
చిట్కాల సంగతి నేను చెప్తాను. ఇంట్లో చేసేది ఏదైనా బయటి చర్మం వరకే. లోపలికి ఏదీ వద్దు.

వెల్లుల్లి రెబ్బ అస్సలు వద్దు. కోసిన రెబ్బని చెయ్యి మీద కాసేపు కట్టి ఉంచితేనే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇప్పటికే వాచి, గోకి గోకి సన్నగా చీలిన చోట అది నిప్పే. పెరుగు తినండి, మంచిదే. కానీ పెరుగులోని బ్యాక్టీరియా, యోనిలో స్థిరపడే బ్యాక్టీరియా ఒక్కటి కాదు. పైగా దూది లోపలే ఉండిపోతే దాంతో కొత్త ఇన్‌ఫెక్షన్. వేపాకు నీళ్లు, పసుపు నీళ్లు, యాపిల్ సిడార్ వెనిగర్ లోపలికి పోసి కడిగితే మిగిలిన కాస్త లాక్టోబాసిల్లస్ కూడా కొట్టుకుపోతుంది. మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది డెట్టాల్ నీళ్లు. దురద వచ్చిందని నాలుగు చుక్కలు వేస్తారు, మండితే పనిచేస్తోందనుకుంటారు. ఆ మంట చర్మం కాలుతున్న మంట.

చేయాల్సింది ఇది. రోజుకి రెండుసార్లు గోరువెచ్చని మామూలు నీళ్లతో బయట మాత్రమే కడగండి, సబ్బు, వజైనల్ వాష్ ఆపేయండి. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. దురద ఆగనప్పుడు చల్లటి నీళ్లలో తడిపి పిండిన నూలుగుడ్డ ఐదు నుంచి పది నిమిషాలు పెట్టుకోండి. ఐస్ నేరుగా పెట్టొద్దు. ఒరిపిడి ఉన్న బయటి చర్మానికి పల్చగా కొబ్బరినూనె రాయొచ్చు, కండోమ్ వాడే రోజు మాత్రం వద్దు, నూనె తగిలితే లేటెక్స్ చిరుగుతుంది. గోళ్లు కత్తిరించుకోండి. రాత్రి లోదుస్తులు లేకుండా వదులు నైటీలో పడుకోండి.

ఇంకొకటి, దండెం మీద లోదుస్తులు ఎవరికీ కనపడకూడదని తువ్వాలు కిందో, బాత్రూమ్ తలుపు వెనకో ఆరేస్తాం. వానాకాలంలో అవి రెండు రోజులైనా పూర్తిగా ఆరవు, ఆ చెమ్మతోనే వేసుకుంటాం. ఎండలో బహిరంగంగా ఆరేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మందారమొగ్గ:
ఎంత వివరంగా చెప్పారో, ధన్యవాదాలు. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈలోపు మందుల షాపులో ఒక క్రీమ్ ఇచ్చారు. డబ్బా మీద మూడు మందుల పేర్లున్నాయి, ఒకటి క్లోబెటసాల్. రాయొచ్చా? ఇంకో రెండు రోజుల్లో పీరియడ్ కూడా రావాలి.

పొన్నగంటి:
ఆ క్రీమ్ పక్కన పెట్టేయండి. క్లోబెటసాల్ చాలా బలమైన స్టెరాయిడ్. ఒక్క పూటలో దురద తగ్గినట్టుంటుంది, అడుగున ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. మానగానే రెట్టింపు వస్తుంది, చర్మం పల్చబడుతుంది.

దీనికి డాక్టర్లు ఎక్కువగా రాసేది క్లోట్రిమజోల్ వజైనల్ మాత్ర. 100 మిల్లీగ్రాములది ఆరు లేదా ఏడు రాత్రులు, 200ది మూడు రాత్రులు, 500ది ఒక్క రాత్రి. పెట్టుకునే పద్ధతి చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. పడుకునే ముందే పెట్టుకోవాలి, పగలు పెడితే జారి పడిపోతుంది. చేతులు కడుక్కుని, మాత్రని శుభ్రమైన నీటి చుక్కతో కాస్త తడపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, అప్లికేటర్‌తో గానీ వేలితో గానీ వీలైనంత లోపలికి తోసి అలాగే పడుకోండి. తెల్లారి సుద్దముక్కల్లా బయటికొస్తే కంగారు పడొద్దు, అది మాత్ర పిప్పే. ప్యాడ్ పెట్టుకోండి. బయటి దురదకి 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమ్ రోజుకి రెండుసార్లు పల్చగా. రెండు మూడు రోజుల్లో నెమ్మదించాలి. అలా తగ్గిందని మధ్యలో మానేయడం వల్లే చాలామందికి తిరగబెడుతుంది. వారానికీ తగ్గకపోతే అదే మందు మళ్లీ కొనకుండా పరీక్షకి వెళ్లండి.

నోటి మాత్రయితే ఫ్లూకోనజోల్ 150 ఒక్కటి. గర్భిణులు వేసుకోకూడదు, వాళ్లకి ఏడు రాత్రుల క్లోట్రిమజోలే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు, షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి షుగర్ పడిపోయే ముప్పు, డాక్టర్‌కి చెప్పకుండా మింగొద్దు.

తులసికోట:
ఒక్క మాట కలుపుతాను. ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ వస్తే షుగర్ పరీక్ష తప్పనిసరి. ఇప్పటికే షుగర్ ఉండి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడే అమ్మలు, అత్తలు ఇంట్లో ఉంటే వాళ్లనీ అడగండి. ఆ మాత్రలు చక్కెరని మూత్రంలోకి పంపుతాయి, అక్కడ ఫంగస్‌కి మేత దొరుకుతుంది. నోరు తెరిచి చెప్పుకోలేక నెలల తరబడి భరిస్తుంటారు. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టర్‌కే చెప్పాలి. పదేపదే వచ్చేవాళ్లకి ఫ్లూకోనజోల్ మొదటి, నాలుగు, ఏడో రోజున ఇచ్చి, తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు వాడిస్తారు. భర్తకి దురద, ఎర్రదనం ఉంటేనే మందు, లేకపోతే అక్కర్లేదు.

పొన్నగంటి:
పీరియడ్ సంగతి మర్చిపోయాను. రక్తంతోపాటు మాత్ర కొట్టుకుపోతుంది, ఆరు రాత్రుల కోర్సు ఇప్పుడు మొదలుపెడితే సగంలో ఆగుతుంది. రేపు డాక్టర్‌కి తేదీ చెప్పండి. ఈస్టేనని తేలితే 500ది ఒక్కటి రేపు రాత్రికే పెట్టుకోమనొచ్చు, లేదా నోటి మాత్ర రాయొచ్చు, దానికి పీరియడ్ అడ్డు కాదు. ఆ రోజుల్లో టాంపూన్, కప్పు కాకుండా ప్యాడే వాడండి, నాలుగైదు గంటలకోసారి మార్చండి.