స్టార్ ట్రెక్ నెక్స్ట్ జెనరేషన్‌లో ఒక్క ఎపిసోడ్ చూపించాలంటే ఏది? అస్సలు చూపించకూడనిది ఏది?

ప్రశ్న:
మా తమ్ముడికి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ స్టార్ ట్రెక్ నెక్స్ట్ జెనరేషన్ అలవాటు చేద్దామని మొదటి సీజన్ మొదటి నుంచీ పెట్టాను, తప్పు అక్కడే జరిగింది. మొదటి నాలుగైదు ఎపిసోడ్లలోనే "కోడ్ ఆఫ్ ఆనర్" తగిలింది. సగంలో లేచి "ఇదా అక్కా నువ్వు ఇన్నేళ్లుగా చెప్తున్నది" అని వెళ్లిపోయాడు. ఆదివారం ఇంకో ఛాన్స్ ఇస్తానన్నాడు, అదీ ఒక్క ఎపిసోడ్‌కే. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు, ఏది పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నా ఓటు "ది ఇన్నర్ లైట్"కే.

1వ జవాబు:
ఇన్నర్ లైట్ వద్దండీ. గొప్పది కాదని కాదు, దానికి 1993లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు ఊరికే రాలేదు. అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి పడి ఉన్న పాతిక నిమిషాల్లో ఇంకో గ్రహం మీద ఒక జీవితమంతా గడిపేస్తాడు, పెళ్లి, పిల్లలు, మనవడు, ముసలితనం. చివర్లో ఆ పిల్లనగ్రోవి చేతికొచ్చినప్పుడు దాన్ని గుండెకు హత్తుకుంటాడు చూడండి, ఆయన్ని ఐదు సీజన్లు చూసినవాళ్లకే అక్కడ గొంతు పట్టేస్తుంది. కొత్తవాడికి ఎవరో పెద్దాయన పిల్లనగ్రోవి వాయిస్తున్నట్టే ఉంటుంది. "ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" పెట్టండి. నౌకలో పనిచేసే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని యంత్రం) డేటా ఒక మనిషా, స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష దళం ఆస్తా అని విచారణ. కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ స్నేహితుడికి వ్యతిరేకంగా వాదించాల్సి వస్తుంది, వాదిస్తూనే డేటా వెనక్కి వెళ్లి స్విచ్ ఆపేస్తాడు, డేటా ఉన్నచోటే బల్ల మీదికి వాలిపోతాడు. రైకర్ ముఖం చూడాలి అప్పుడు. పెద్ద ఖర్చేమీ కనిపించదు, ఒక గది, నలుగురు మనుషులు, అంతే.
చెత్తంటే మాత్రం అదే రెండో సీజన్ చివర్లో వచ్చిన "షేడ్స్ ఆఫ్ గ్రే", సందేహమే లేదు. రైకర్‌ని పడుకోబెట్టి పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించారు.

2వ జవాబు:
షేడ్స్ ఆఫ్ గ్రే చెత్తే, కానీ అంతకంటే చెత్త ఉంది. ఆ సీజన్ 1988 రైటర్ల సమ్మెతో కుదించుకుపోయింది, డబ్బులు ముందే అయిపోయాయి, మూడు రోజుల్లో చుట్టేశారు. అది చేతకాక, గతిలేక తీసింది. కోడ్ ఆఫ్ ఆనర్ అలా కాదు. అందులోని గ్రహం వాళ్లందరినీ నల్లజాతి నటులతో వేయించి, వాళ్ల నాయకుడు నౌక భద్రతాధికారి తాషా యార్‌ని ఎత్తుకుపోయినట్టు చూపించడం కావాలని చేసుకున్న నిర్ణయం. రైకర్ వేషం వేసిన జొనాథన్ ఫ్రేక్స్ కూడా అది జాత్యహంకారమని తిట్టాడు. మీ తమ్ముడు లేచిపోవడం న్యాయమే.

3వ జవాబు:
ఎవరూ "డార్మాక్" పేరెత్తలేదేంటి? తెలుగువాళ్లకి చూపించాల్సింది అదే కదా. టమేరియన్లనే గ్రహాంతరవాసుల మాటలు నౌకలోని ట్రాన్స్‌లేటర్ బాగానే అనువదిస్తుంది, అర్థమే అందదు, ఎందుకంటే వాళ్లు ప్రతిదీ తమ పురాణ కథల్లోంచే చెప్తారు. "షాకా, గోడలు కూలినప్పుడు" అంటే ఓటమి అన్నమాట. మనం చేసేదీ అదే. మా నాయనమ్మ "శల్య సారథ్యం చేయకురా" అనేది. దాన్ని "శల్యుడు రథం తోలాడు" అని మార్చి భారతం తెలియనివాడి చేతికిస్తే, పక్కనే ఉండి ధైర్యం చెడగొట్టడమని వాడికెలా తెలుస్తుంది? సైంధవుడిలా అడ్డుపడ్డాడంటాం, ఉద్యోగం త్రిశంకు స్వర్గంలో ఉందంటాం, కథ తెలిస్తేనే మాట.
టమేరియన్ కెప్టెన్‌తో పాటు ఒక గ్రహం మీద చిక్కుకుపోయిన పికార్డ్‌కి రాత్రి నిప్పు రాజుకోదు. కత్తి విసిరి సవాలు చేశాడని తను అనుమానించిన ఆ టమేరియన్ కెప్టెనే మండుతున్న కట్టె ఒకటి అతని వైపు విసిరి "టెంబా, చేతులు చాచి" అంటాడు. తీసుకో, నీకే అని. ఆ తర్వాత పికార్డ్ అతనికి ప్రాచీన మెసొపొటేమియా పురాణ వీరుడు గిల్గమేష్ కథ చెప్తాడు, చావుబతుకుల్లో ఉన్న మనిషికి. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లలో నీళ్లే.

ప్రశ్న అడిగిన నేనే:
ఆదివారం డార్మాకే పెట్టాను. మొదటి పది నిమిషాలు "ఏం మాట్లాడుతున్నారు వీళ్లు" అని విసుక్కున్నాడు, ఆ మంట దగ్గరి సీన్ నుంచి నోరెత్తలేదు. అయిపోయాక ప్లేట్లో మిగిలిన ఒక్క మిరపకాయ బజ్జీని నా వైపు జరిపి "టెంబా, చేతులు చాచి" అన్నాడు. మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ వచ్చే వారం. ఇన్నర్ లైట్ మాత్రం ఐదో సీజన్ చివరికి చేరాకే, 1వ జవాబు రాసినవారి మాట విన్నాను.