సూపర్‌చార్జర్ బండికి నీళ్ళు-మిథనాల్ పెట్టించొచ్చా?

కోరాపుట్ తమ్ముడు: మా బావ పాత కంప్రెసర్ బెంజ్ కొన్నాడు, ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే సూపర్‌చార్జర్ ఉన్న బండి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేసరికి ఇంజన్‌లోకెళ్ళే గాలి వేడెక్కి బండి నీరసపడిపోతోంది. నీళ్ళూ మిథనాలూ సగం సగం కలిపి ఆ గాలిలోకి కొట్టే కిట్ పెట్టిద్దామంటున్నాడు. ప్రమాదమేటి?

రాయగడ మేస్త్రీ: నీళ్ళు ఆవిరవుతూ గాలిలో వేడి లాగేస్తాయి, నాకింగ్ (పెట్రోలు దానంతటదే పేలి ఇంజన్ టకటకలాడ్డం) తగ్గుద్ది. అక్కడిదాకా మంచిదే. ఆ ధైర్యంతో సూపర్‌చార్జర్‌ని తిప్పే పుల్లీ చిన్నది వేసి బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచుతారు, టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ కొట్టే వేళ, ముందుకు జరుపుతారు. ఘాట్ మధ్యలో పంపు ఆగిందా, నువ్వు కాలు తీసేలోపే పిస్టన్ కరుగుద్ది.

బరంపురం బాబాయ్: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలకే వాడారు, ఎండబ్ల్యూ 50 అని. కార్లో భయమేటి?

రాయగడ మేస్త్రీ: అదీ ఒక్క దఫాకి 10 నిమిషాలే బాబాయ్. తుప్పు పట్టకుండా నూనె కూడా కలిపేవారు. నువ్వు కలుపుతున్నావా?

జయపురం జీపు: బోరు నీళ్ళు మాత్రం పొయ్యకండి. డిస్టిల్డ్ వాటరే.

బరంపురం బాబాయ్: నాలుగేళ్ళుగా నా బండికి ఏం కాలేదు. నీళ్ళ ట్యాంకు ఎండబెట్టేవాళ్ళు కిట్‌ని తిట్టకూడదు.

రాయగడ మేస్త్రీ: ట్యాంకు నిండుగానే ఉంది! పోయినేడు నా షెడ్డుకొచ్చిన బండి సంగతి చెప్తున్నా. మూడో స్పార్క్ ప్లగ్ విప్పితే మొనమీద కరిగిన పిస్టన్ అల్యూమినియం చుక్కలు, ఆవాలంత. నీళ్ళు చిమ్మే నాజిల్ పూడుకుపోయింది. ట్యాంకు లైటు ఆకుపచ్చగా వెలుగుతానే ఉంది.

జయపురం జీపు: చెప్పానా, బోరు నీళ్ళు.

బరంపురం బాబాయ్: ఆ తెల్ల బండేనా? ఊరంతా చెప్పుకుంటున్నావని తెలుసు. నీళ్ళు నిజంగా పారుతున్నాయో లేదో చూసే ఫ్లో సెన్సర్ పెట్టుకోమని నేను చెప్పా. ఓనరు డబ్బు దండగన్నాడు.

రాయగడ మేస్త్రీ: ఓహో, బిగించింది నువ్వా! సెన్సర్ వద్దన్నవాడికి బూస్ట్ ఎందుకు పెంచావ్? పుల్లీ పాతదే ఉంచి, చల్లదనానికి మాత్రం కొట్టించుంటే నాజిల్ పూడినా ఇంజన్ మిగిలేది. నా గొడవ కిట్‌తో కాదు.

జయపురం జీపు: బోరు నీళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరేం?

పర్లాకిమిడి అక్క: ఆ మిథనాల్ డబ్బా ఎక్కడ పెడతారో ఒక్కరైనా అడిగారా? గుక్కెడు తాగితే కళ్ళు పోతాయి. 1992లో కటక్‌లో కల్తీ సారా వందమందికి పైగా మింగింది దీనివల్లే. అంటుకుంటే పగటి వెలుతురులో మంట కూడా సరిగ్గా కనపడదు.

కోరాపుట్ తమ్ముడు: అక్కా, బావ నిన్ననే తెచ్చేశాడు. వంటగదిలో, గంజి కుండ పక్కనుంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

బరంపురం బాబాయ్: చిన్న పుల్లీ వెయ్యమని ఆ బండి ఓనరే అడిగాడు.