క్లబ్బు పైకప్పు బాగుచేయడానికి ఒక్క దాత డబ్బు తీసుకుందామా, అందరం తలా కొంత వేసుకుందామా?

ఉదయం బ్యాచ్:
మా షటిల్ క్లబ్బు హాలు కారుతోంది. రెండో కోర్టులో బకెట్లు పెట్టుకుని ఆడుతున్నాం, చెక్క ఫ్లోరింగ్ ఒక మూల ఉబ్బిపోయింది. పాత సభ్యుడొకాయన మొత్తం ఖర్చు తానే పెడతానంటున్నాడు. భవనానికి వాళ్ల నాన్నగారి పేరు పెట్టాలట, కమిటీలో తనకి శాశ్వతంగా చోటు ఇవ్వాలట. నేనైతే వద్దంటాను. పేరు వరకు సరేలే అనుకోవచ్చు, ఎన్నిక లేకుండా కూర్చున్న మనిషిని రేపు దింపేదెవరు?

ఓపెనర్:
వద్దనడం తేలికే. పోయినసారి లైట్లకి చందా అడిగితే సగం మంది వచ్చే నెల ఇస్తామన్నారు, ఆ నెల ఇంకా రాలేదు. ఈలోపు తడి ఫ్లోరు మీద ఎవరో జారి మోకాలు విరగ్గొట్టుకుంటారు. ఇస్తానన్నవాడి దగ్గర తీసుకోండి.

సివిల్ మేస్టారు:
డబ్బు ఎవరిదైనా ముందు ఒకటి చెప్పండి, స్లాబు కింద పెచ్చులు ఊడుతున్నాయా? ఊడుతుంటే అది ఒట్టి లీకేజీ కాదు. లోపలి చువ్వలకి తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి రాలుతుంది. దానిమీద సిమెంటు పూసి రంగేస్తే చూడ్డానికి బాగుంటుంది, లోపల తుప్పు మాత్రం ఆగదు. వదులైనదంతా కొట్టేసి, చువ్వల తుప్పు పూర్తిగా గీకి, పూత వేసి, మరమ్మతు మోర్టార్‌తో పూడ్చాలి. పైన నీళ్లు నిలవకుండా వాలు, వాటర్‌ప్రూఫింగ్ కూడా చేయాలి. కొట్టి చూస్తే తప్ప ఎన్ని చువ్వలు సన్నబడ్డాయో తెలియదు కాబట్టి ఖర్చు పెరిగే అవకాశమే ఎక్కువ. దాతగారు ‘మొత్తం’ అన్నది ఏ ఎస్టిమేట్ చూసి?

ఉదయం బ్యాచ్:
ఎస్టిమేట్ ఎవరూ వేయించలేదు సార్. డ్రెస్సింగ్ రూమ్ పైన చువ్వలు బయటికే కనిపిస్తున్నాయి.

సివిల్ మేస్టారు:
అయితే ఆ గదికి ఇవాళే తాళం వేయండి. చర్చ తర్వాత.

వీకెండ్ ప్లేయర్:
చిన్న చందాలతో పనవ్వదనుకోకండి. 1885లో న్యూయార్క్ లిబర్టీ విగ్రహం పీఠానికి డబ్బు చాలకపోతే, ఎంత తక్కువ ఇచ్చినా పేరు అచ్చువేస్తానని పులిట్జర్ తన పత్రికలో ప్రకటించాడు. లక్ష మందికి పైగా ఇచ్చారు, ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. యూనియన్ బెర్లిన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులైతే 2008-09లో స్టేడియం పనికి తామే దిగారు, 2,000 మందికి పైగా.

ఓపెనర్:
పులిట్జర్‌కి పత్రిక ఉంది అన్నా. మనకున్నది నోటీసు బోర్డు, దానికీ చెదలే.

సివిల్ మేస్టారు:
శ్రమదానం మంచిదే, రంగులకీ చెత్త ఎత్తడానికీ పిలవండి. స్లాబు మీద మాత్రం ఎవరూ సుత్తి పట్టుకోవద్దు.

మాజీ కోశాధికారి:
వచ్చే నెల అన్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఎందుకో చెబుతా. అంతకుముందు నెట్‌లకని వసూలు చేసింది మామూలు ఖాతాలో కలిపేశారు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఒక్క కాగితం గోడకి అంటించలేదు. జనానికి పిసినారితనం కాదు, అనుమానం. ఈ పనికి వేరే ఖాతా తెరవండి, ఇద్దరి సంతకం లేనిదే డబ్బు కదలకూడదు. ముందు ఎవరెంత ఇస్తారో రాయించుకోండి, అనుకున్నంత వాగ్దానాలు వస్తేనే వసూలు, లేకపోతే ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే.

పిల్లల కోచింగ్ అమ్మ:
తలా ఒకే మొత్తం అనకండి దయచేసి. స్టూడెంట్లూ రిటైరైనవాళ్లూ మానేస్తారు. ఉన్నవాళ్లు వడ్డీ లేని అప్పుగా ఇస్తే కోర్టు ఫీజుల్లోంచి తిరిగి కట్టొచ్చు కదా. దాతగారి పేరు పదేళ్లు ఉంచుదాం, కమిటీలోకి మాత్రం అందరిలాగే ఓట్లతో రమ్మనండి.

ఓపెనర్:
నెట్‌ల లెక్క విషయంలో కోశాధికారి గారన్నది నిజమే. అప్పుడు కమిటీలో నేనున్నాను, అంటించాల్సింది నేనే.

ఉదయం బ్యాచ్:
దాతగారికి ఫోన్ చేశాను. పేరు పదేళ్లే అంటే కాస్త ఆగి సరే అన్నాడు, కమిటీ మాట ఎత్తితే ఆలోచిస్తానన్నాడు. ఆదివారం ఇంజనీరు వచ్చి చూస్తాడు, ఎస్టిమేట్ ఇక్కడే పెడతాను. డ్రెస్సింగ్ రూమ్‌కి తాళం పడింది. లోపల బ్యాట్లు మర్చిపోయినవాళ్లు తాళంచెవి అడక్కండి, ఇంజనీరు సరేనన్నాకే తీసిస్తాను.