తక్కువ మాట్లాడే మనిషిని బార్బెక్యూకి పిలిస్తే ఏం చేయాలి?

ప్రశ్న (మాటపొదుపు):

వచ్చే శనివారం మా టీమ్‌లో ఒకాయన ఇంటి పెరట్లో బార్బెక్యూ. ఆఫీసు వాళ్లు, వాళ్ల కుటుంబాలు, ఇరుగుపొరుగు అంతా కలిపి ముప్పై మంది దాకా వస్తారట, అందులో నాకు తెలిసినవాళ్లు నలుగురైదుగురు. నేను ఈ దేశం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పని విషయాల్లో మాట్లాడటానికి నాకు ఇబ్బంది లేదు, మీటింగులో చెప్పాల్సింది చెప్పేస్తాను. చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి, ప్రత్యేకంగా విషయమేమీ లేకుండా ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తూ మాట్లాడటమే నా వల్ల కాదు. కూర్చుని తినే భోజనమైతే పక్కనున్నవాళ్లతో నాలుగు మాటలాడి సరిపెట్టుకోవచ్చు, ఇక్కడ అదీ ఉండదు, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు అయిపోతుందో కూడా తెలీదు. పైగా వాళ్ల భాష ఆఫీసులో అర్థమైనంతగా గుంపులో అర్థం కాదు. ముగ్గురు నవ్వుతూ ఒకేసారి మాట్లాడితే సగం మాటలు నాకు అందవు.

మానేద్దామని లేదు. పిలిచినాయన మంచి మనిషి, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా సాయం చేశారు, ఆయన కోసమైనా వెళ్లాలని ఉంది. కానీ ఇప్పటినుంచే టెన్షన్. నాలాంటివాళ్లు నిజంగా ఏం చేస్తారో చెప్పండి, "అందరితో కలిసిపో" అన్న సలహా తప్ప ఏదైనా సరే. ఇంకో విషయం, నేను మాంసం తినను. అది ఎప్పుడు, ఎలా చెప్పాలి?

రాత్రిబండి:

చెప్పిన టైముకే వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే జనంలో ఇట్టే కలిసిపోవచ్చనుకుంటాం గానీ మనలాంటివాళ్లకి అదే కష్టం, అప్పటికి ఎవరి గుంపు వాళ్లది అయిపోయి ఉంటుంది, మీరు బయటినుంచి లోపలికి దారి వెతుక్కోవాలి. మొదట్లో వెళ్తే ఉండేది ఐదారుగురు. ఆ తర్వాత వచ్చేవాళ్లే మీ దగ్గరికొచ్చి పలకరిస్తారు.

బొగ్గుల గ్రిల్ అయితే ఇంకో లాభం ఉంది. బొగ్గులు అంటించాక వాటి మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, అంతవరకూ వండటం మొదలుపెట్టరు. ఆ కాసేపూ ముందొచ్చినవాళ్లంతా పొయ్యి చుట్టూ చేరతారు. అక్కడ మాట కోసం వెతుక్కోనక్కర్లేదు, గాలి ఎటు వీస్తోంది, నిప్పు రాజుకుందా లేదా, ఇవే మాటలు. మౌనంగా నిప్పు చూస్తూ నిలబడినా ఎవరికీ వింతగా అనిపించదు, అంత జనంలో అలాంటి చోటు ఇంకొకటి దొరకదు. పిలిచినాయన కూడా ఎక్కువసేపు అక్కడే ఉంటారు కాబట్టి మీకు బాగా తెలిసిన మనిషి పక్కనే ఉన్నట్టవుతుంది.

మాంసం సంగతి రెండు మూడు రోజుల ముందే మెసేజ్ పెట్టేయండి. "నేను మాంసం తినను, నా వరకు తెచ్చుకుంటాను, గ్రిల్ మీద ఒక మూల ఇస్తే చాలు" అంటే ఆయనకి పని పెరగదు, మీకు మొహమాటం ఉండదు. మొక్కజొన్న, పుట్టగొడుగులు, క్యాప్సికమ్ ఏదైనా సరే, కాస్త ఎక్కువే తీసుకెళ్లండి, పక్కవాళ్లూ అడుగుతారు. ఫాయిల్‌లో చుట్టి పెడితే మాంసం కొవ్వు, రసం తగలవు. మాంసం ఇంకా వేయకముందే మీవి కాల్చుకోవచ్చా అని అడగండి, పట్టకారు కూడా వేరేది అడగండి. పచ్చి మాంసం పట్టుకున్న పట్టకారుతో వండినవి తీయకూడదని ఎలాగూ అందరికీ చెప్పేదే కాబట్టి ఎవరూ తప్పుగా అనుకోరు.

పుస్తకాలపురుగు:

గుంపులో భాష అందకపోవడం గురించి ఒక మాట. గోలలో ఒక్క గొంతును పట్టుకుని వినడం మీద 1953లోనే కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేశారు. మన సొంత భాషలో అయితే వినబడని ముక్కని మెదడే అలవాటుగా పూరించుకుంటుంది, నేర్చుకున్న భాషలో ఆ పని బాగా కష్టం. అందుకే ఆఫీసు గదిలో శుభ్రంగా అర్థమయ్యే మనిషి కూడా పెరట్లో పాటల మధ్య అర్థం కాడు. ఇది మీ భాషలో లోపం అనుకోకండి. స్పీకర్‌కి దూరంగా, వీలైతే గోడకి వీపు పెట్టి నిలబడండి, మాట్లాడేవాళ్ల ముఖం కనబడాలి. అందకపోతే "మళ్లీ చెప్పండి" అని అడిగేయండి, ఊరికే తలూపితే తర్వాతి మాట కూడా పోతుంది.

ఇంకోటి, ముప్పై మంది అని భయపడుతున్నారు కానీ ముప్పై మందితో ఎవరూ మాట్లాడరు. మనుషులు గుంపుల్లో ఎలా మెలుగుతారో పరిశోధించే రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1990లలో గమనించిందేమిటంటే, ఒకే సంభాషణ మామూలుగా నలుగురి దగ్గర ఆగిపోతుంది, ఐదోవాళ్లు వస్తే అది కాసేపట్లో రెండుగా చీలుతుంది. కాబట్టి పెద్ద గుంపు అంచున నిలబడి ఎదురుచూసే బదులు ఒక్కరుగానో ఇద్దరుగానో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్లలో ఒకరు మీలాగే పలకరింపు కోసం చూస్తూ ఉండొచ్చు. కొత్త విషయం మీరు తేనక్కర్లేదు, వాళ్లు చెప్పినదాని మీదే ఇంకో ప్రశ్న అడిగితే చాలు. "ఈ మధ్యే ఇల్లు మారాం" అన్నారనుకోండి, "ఎందుకు మారారు, ఇప్పుడెలా ఉంది" అనొచ్చు. వినేవాళ్లంటే అందరికీ ఇష్టమే, అది మీకు ముందే వచ్చిన విద్య.

ఇంటికొచ్చాక "పిచ్చిగా మాట్లాడానేమో" అని రాత్రంతా తవ్వుకుంటారు చూడండి, దాని మీద కూడా 2018లో ఒక పరిశోధన వచ్చింది. కొత్తవాళ్లతో మాట్లాడిన తర్వాత, ఎదుటివాళ్లకి మనం నిజంగా ఎంత నచ్చామో దానికన్నా తక్కువే నచ్చామని అనుకుంటామట.

చిరుజల్లు:

రాత్రిబండి గారు చెప్పినదాంట్లో ఒకటి నేను పూర్తిగా ఒప్పుకోను. పొయ్యి దగ్గర మొదలుపెట్టడం బాగానే ఉంది, కానీ అక్కడే ఉండిపోకండి. వడ్డించడం, ప్లేట్లు సర్దడం, మళ్లీ వడ్డించడం అంటూ పని వెనక దాక్కుంటే అందరూ మీకు థాంక్స్ చెప్తారు గానీ ఒక్కరితో కూడా పరిచయం కాదు. వంట అయ్యాక ప్లేటు తీసుకుని ఎవరి పక్కనైనా కూర్చోండి. మధ్యలో అలసిపోతే అలా నడిచి రండి, మొక్కలు చూడండి, పిల్లలుంటే వాళ్ల ఆటలో చేరండి. పిల్లలు భాషలో తప్పులు పట్టించుకోరు, నాకైతే ఎక్కడికెళ్లినా ముందు వాళ్లే స్నేహితులవుతారు.

ఎంతసేపు ఉంటారో వెళ్లకముందే అనుకోండి, రాగానే ఆయనకి కూడా చెప్పేయండి, "రెండు గంటలు ఉంటాను, తర్వాత వెళ్లాలి" అని. అప్పుడు మీరు లేచినప్పుడు ఎవరూ కారణం అడగరు.

ఇంకా ఒకటి అడగాలని ఉంది, ఏమీ అనుకోకండి. మీకు జనంలో అలసట వస్తుందా, లేక జనం అంటేనే భయమా? రెండూ ఒకటి కావు. ఇంట్రోవర్ట్ అన్న మాటని 1921లో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ ప్రచారంలోకి తెచ్చినప్పుడు అది జబ్బు కాదు, మనసు లోపలివైపు మొగ్గే స్వభావం. అలాంటివాళ్లకి తర్వాత కాస్త ఒంటరిగా ఉంటే సరిపోతుంది. కానీ రోజుల ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఇలాంటి పిలుపులు వరసగా మానేయడం ఉంటే అది సోషల్ యాంగ్జైటీ, అంటే జనంలోకి వెళ్లాలంటే పట్టుకునే విపరీతమైన భయం, కావచ్చు, దానికి కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. పరాయి దేశంలో ఇంట్లోవాళ్లెవరూ పక్కన లేనప్పుడు దాన్ని ఒక్కరే మోయకండి.

మాటపొదుపు:

అందరికీ చాలా థాంక్స్. నాది అలసటేనండి, భయం కొంచెం, నిద్ర బాగానే పడుతోంది. ఆయనకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, "ఒక మూలేంటి, సగం గ్రిల్ నీదే" అన్నారు. ఒక్క సందేహం మిగిలింది. మాట్లాడుతున్నవాళ్ల దగ్గర్నుంచి మధ్యలో ఎలా వెళ్లిపోవాలి? నేను అక్కడే ఇరుక్కుపోతాను.

పుస్తకాలపురుగు:

అవతలివాళ్లు కూడా ఇరుక్కుని ఉండొచ్చు! 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, మాట్లాడుకునే ఇద్దరూ కోరుకున్న సమయానికి సంభాషణ ముగియడం చాలా అరుదు, ఎదుటివాళ్లకి ఏం కావాలో ఎవరికీ తెలీదు కాబట్టి. మాట కాస్త ఆగినప్పుడు "మీతో మాట్లాడటం బావుంది, నేను కాసిన్ని మంచినీళ్లు తెచ్చుకుంటాను" అని చెప్పి, నిజంగానే నీళ్ల వైపు వెళ్లండి.

రాత్రిబండి:

చెప్పిన టైముకి అన్నాను కదా అని ఇంకా ముందే వెళ్లిపోకండి, మొదలయ్యే ముందు అరగంట వాళ్లు ఇల్లు సర్దుకునే హడావిడిలో ఉంటారు. సాయానికి ముందే రావాలనుంటే ఆయన్ని అడిగి వెళ్లండి. బట్టలు మంచివి వేసుకోకండి, పొగ వాసన ఉతికితే గానీ పోదు.