వారసత్వ పన్నుపై సర్వే: ప్రచార ప్రభావాన్ని విడిగా కొలిచేదెలా?

గుంటూరు జిల్లా రైతు కుటుంబాల్లో వారసత్వ పన్నుపై అభిప్రాయాలు సేకరిస్తున్నాను. మన దేశంలో చనిపోయినవారి ఆస్తిపై వేసిన 1953 నాటి పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే రద్దయినా, 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో విన్న మాటల వల్ల, రెండెకరాల పొలం ఉన్నవారు సైతం తమ పిల్లలకు దక్కాల్సిన భూమిలో సగం ప్రభుత్వం తీసుకుంటుందనే భయంతోనే జవాబిస్తున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. ప్రచారంలో ఉదాహరణగా వినిపించిన అమెరికాలో 2024లో ఒక్కో వ్యక్తికి 1.36 కోట్ల డాలర్ల వరకు ఫెడరల్ ఎస్టేట్ పన్ను లేదని ముందే వివరిస్తే, "ఇవాళ కోట్లంటారు, రేపు లక్షలంటారు" అంటున్నారు. అదే వివరణను చివర చేర్చితే, అప్పటికే చెప్పిన జవాబును మార్చుకోవడం లేదు. సగం మందికి వివరణ లేని ప్రశ్నపత్రం ఇచ్చినా, ఒకే ఊరివారు కావడంతో మాట ఇంటింటికీ పాకి తేడా చెరిగిపోయింది. ప్రచారం నాటిన భయాన్ని, పన్నుపై వారి అసలు అభిప్రాయాన్ని విడివిడిగా పట్టుకోవాలంటే ప్రశ్నలను ఏ క్రమంలో అడగాలి?